మ్యాక్‌లో పాసైన టెస్టు లినక్స్‌లో ఎందుకు ఫెయిలవుతోంది?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సేవ్ చేసిన సమయాన్ని తిరిగి చదివి పోల్చే మీ జావా టెస్టు లినక్స్ సర్వర్‌లో మాత్రమే ఫెయిలవుతోందంటే, తేడా గడియారంలో ఉంది. జావా 15 నుంచి లినక్స్‌లో, ప్రస్తుత సమయాన్ని చెప్పే ఇన్‌స్టంట్.నౌ నానోసెకన్ల దాకా, అంటే సెకన్లలో చుక్క తర్వాత 9 అంకెలు ఇస్తుంది. మ్యాక్‌లో 6, విండోస్‌లో మహా అయితే 7. పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్ దాచుకునేది 6 అంకెలే. అందుకే మీరు పంపిన 10:15:30.123456789 తిరిగొచ్చేసరికి 10:15:30.123457 అవుతుంది. చుక్క తర్వాత ఆరో అంకె చూడండి: 6 కాస్తా 7 అయింది. కత్తిరించలేదు, రౌండ్ చేసింది.

సేవ్ చేయకముందే, అదనపు అంకెలను కత్తిరించే ట్రంకేటెడ్‌టు మెథడ్‌తో సమయాన్ని మైక్రోసెకన్లకు, అంటే 6 అంకెలకు కుదించండి. టెస్టులో కొంత తేడాను చూసీచూడనట్టు వదిలేయడం నాకు నచ్చదు, అసలు డేటాలో ఆ తేడా అలాగే ఉండిపోతుంది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే మరింత జాగ్రత్త: కాలమ్‌కు ఉత్త డేట్‌టైమ్ అని రాస్తే చుక్క తర్వాత ఏమీ మిగలదు, డేట్‌టైమ్(6) అని రాయాలి.