కంచే చేను మేసిందా?

సందేహం: తీవ్రమైన న్యుమోనియాలో రోగనిరోధక కణాలే ఊపిరితిత్తులను పాడుచేస్తాయని చెబుతూ ఒక వ్యాసకర్త 'కంచే చేను మేసినట్టు' అన్నారు. మాక్రోఫేజ్‌ను ఒకచోట 'మహాభక్షక కణం' అనీ, ఇంకోచోట 'స్థూలభక్షక కణం' అనీ రాశారు. ఏది సాధువు? సామెత అతికిందా?

సమాధానం: రెండు మాటలూ సాధువులే. పరిమాణం చెప్పటమే ఉద్దేశం కనుక నా మొగ్గు 'స్థూల' వైపు. 'మహా' అనగానే తెలుగు చెవికి తిండిపోతు స్ఫురిస్తాడు.

'భక్షక' దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యన్ జీవశాస్త్రవేత్త మెచ్నికోఫ్ సముద్ర నక్షత్రపు డింభకానికి ముల్లు గుచ్చి చూశాడు. అద్దంలాంటి ఆ ఒంట్లో కణాలు కదిలివచ్చి ముల్లు చుట్టూ మూగాయి. పరాయి వస్తువును మింగే ఇలాంటి కణాల్లో పెద్దవాటికి ఆయన గ్రీకులోంచి తెచ్చిపెట్టిన పేరు మాక్రోఫేజ్. 'ఫేజ్' అంటే తినేది. ఆ గ్రీకు ధాతువూ మన 'భజ్' ధాతువూ ఒక తల్లి పిల్లలు. భజ్ అంటే పంచటం, పంచుకోవటం. భాగం, విభజన, భాగ్యం దాని సంతానమే. వంతుగా దక్కిన అన్నం భక్తం. భక్తిదీ ఆ ఇల్లే, భక్షణానిదీ ఆ ఇల్లే. మూలంలో తినటమంటే తన వంతు తాను అందుకోవటం. భక్షించటాన్ని రాక్షసులకూ పులులకూ వదిలేసి, వీటిని 'రక్కసి కణాలు' అనేవారు ఈ వంశవృక్షం ఒక్కసారి చూడాలి.

ఊపిరితిత్తుల్లోని గాలిసంచుల్లో, అంటే వాయుగోణుల్లో, కాపురముండే మాక్రోఫేజ్ మామూలు రోజుల్లో చేసేది తన వంతు పనే. (తిత్తి తోలుసంచి, గోణి గోనెసంచి. సంచిలో సంచులన్నమాట.) గాలితో వచ్చిన దుమ్మునూ సూక్ష్మజీవులనూ చడీచప్పుడు లేకుండా మింగుతుంది, చచ్చిన కణాలను ఎత్తేస్తుంది, వాపు రేగకుండా చూస్తుంది.

ఇక సామెత. కంచె మేయటంలో నమ్మకద్రోహం ఉంది. తీవ్రమైన కోవిడ్‌లో, ఫ్లూలో జరిగేది వేరు. వాయుగోణుల్లోని ఈ పాతకాపు మాక్రోఫేజుల్లో చాలా భాగం నశిస్తాయి. వాటి చోటికి రక్తంలోంచి మోనోసైట్లనే తెల్ల కణాలు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లు వీటి కేకలు. ఆ కేకలకు న్యూట్రోఫిళ్లనే మరో రకం తెల్ల కణాలు దండుగా దిగి ఎంజైములు కుమ్మరిస్తాయి, తమ డీఎన్ఏనే వలగా విసురుతాయి. క్రిమికి వేసిన వేటు వాయుగోణి పలచటి గోడకూ తగులుతుంది. రక్తనాళాల్లోంచి నీరు ఊరి, గాలి ఆడవలసిన చోట నిలుస్తుంది. కంచె మేయలేదు, కూలింది. కాపాడటానికి పరుగెత్తుకొచ్చినవాళ్ల కాళ్లకింద చేను నలిగింది.

'ఇమ్యూనిటీ పెంచుకోండి' అని ఊదరగొట్టేవారి మీద నాకు కోపం ఇందుకే. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో మరణాలను తగ్గించిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు రోగనిరోధక శక్తిని పెంచేది కాదు, అణిచేది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి అది మేలు చేయలేదు. 'పెంచు' అన్న క్రియ ఇక్కడ ఎంత మోటుదో చూడండి.

ఆ కేకలు అదుపు తప్పటాన్ని చెప్పే 'సైటోకైన్ తుఫాను' నిలదొక్కుకున్న మాట, వాడుకోవచ్చు. సామెతను కూడా పూర్తిగా తప్పని కొట్టేయను, రక్షకుల వల్లే నష్టమన్నంతవరకు అది చెల్లుతుంది. 'తిరగబడ్డాయి' మాత్రం వద్దు. సొంత ఒంటినే శత్రువనుకునే ఆటోఇమ్యూన్ జబ్బులకు దాన్ని అట్టేపెట్టి, ఇక్కడ 'అదుపు తప్పాయి' అనండి.