పాత ల్యాప్‌టాప్ కోసం కొత్తదాని తలుపు తీయకండి

ప్రశ్న: మా నాన్నగారి 486 (తొంభైల నాటి ప్రాసెసర్) ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి ముందటి డాస్ బాగానే వస్తోంది. విండోస్ 3.1 వేద్దామంటే మూడో ఫ్లాపీ దగ్గర ఆగిపోతోంది. ఒక వీడియో చూసి మా కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎంబీ 1 (పాతకాలపు ఫైల్ షేరింగ్ పద్ధతి) ఆన్ చేశాను, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపుదామని. యాంటీవైరస్ ఆపినా కనెక్ట్ కావట్లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు ఎస్‌ఎంబీ 1 ఆపేసి, యాంటీవైరస్ ఆన్ చేయండి. మిగతాది తర్వాత చదవండి.

కనెక్ట్ కాకపోవడం మీ అదృష్టం. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఈ పాత ఫైల్ షేరింగ్‌లోని లోపం నుంచే. ఎవరూ ఏ లింకూ నొక్కలేదు. ఒక కంప్యూటర్‌కి సోకితే అదే నెట్‌వర్క్‌లో ఉన్న మిగతావాటికీ అంటుకుంది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే వచ్చినా చాలామంది వేసుకోలేదు. ‘నేను వేసుకున్నాను కదా’ అంటారేమో. అయినా డాస్‌తో మాట్లాడించాలంటే కొత్త ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ భద్రతను కూడా తగ్గించాలి. మీ బ్యాంకు పని, ఆధార్ కాపీలు ఉన్నది ఆ కొత్తదాంట్లోనే కదా! యాంటీవైరస్ ఆపమని మొదట్లోనే చెప్పే వీడియోలు బోలెడు. మళ్లీ ఆన్ చేయమని చివర్లో చెప్పింది నాకు ఒక్కటీ కనబడలేదు. ఇది నిర్లక్ష్యం కాదు, అన్యాయం.

ఇక ఫ్లాపీ సంగతి. ఇనప షట్టర్ పక్కకి జరిపి వెలుతురులో చూడండి. నల్లటి పళ్లెం మీద తెల్లటి మచ్చలుంటే బూజే. మన సముద్రపు గాలికి ఇది మామూలు. దాన్ని మళ్లీ డ్రైవ్‌లో పెట్టకండి, డ్రైవ్‌లో డిస్కును చదివే హెడ్‌కి అంటి తర్వాతి ఫ్లాపీ కూడా పాడవుతుంది. మచ్చలు లేకపోతే కొత్త ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తగిలించి అందులో చదివి చూడండి, చాలాసార్లు తప్పు డిస్కుది కాదు, పాత డ్రైవ్‌ది. విండోస్ ఫైళ్లను ఊరూపేరూ లేని సైట్ల నుంచి మాత్రం దించుకోవద్దు.

ఫైళ్లు చేతికొచ్చాక నెట్‌వర్క్‌తో పనే లేదు. పాతదాని హార్డ్ డిస్కు తీసి, దాని చోట 44 పిన్నుల అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డు పెట్టండి. ఆ కాలం బయోస్‌లు (స్విచ్ వేయగానే డిస్కును గుర్తించే ప్రోగ్రామ్‌లు) చాలావరకు 504 ఎంబీ దాటితే గుర్తించవు, 256 ఎంబీ కార్డు చాలు. డాస్ బూట్ ఫ్లాపీతో కార్డుకి ఎఫ్‌డిస్క్ (విభాగాలు చేసే కమాండ్), ఫార్మాట్ అయ్యాక కార్డును కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలించిన రీడర్‌లో పెట్టి, ఫ్లాపీల్లోని ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కార్డును మళ్లీ పాతదాంట్లో పెట్టి అక్కడి నుంచే సెటప్ నడపండి. ఫ్లాపీలు మార్చే గొడవుండదు.

విప్పినప్పుడు మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ తప్పక చూడండి. ఈమధ్య నేనొకటి విప్పితే, రాగి చెంబుకు పట్టే చిలుములా పచ్చగా పేరుకుని, పక్కనున్న రాగి గీతల్ని తినేసి ఉంది. కారిపోయే బ్యాటరీని బోర్డుకే టంకం వేసి అతికించిన డిజైన్‌ని నేనెప్పటికీ సమర్థించలేను. మీ దాంట్లో పచ్చదనం కనిపిస్తే స్విచ్ వేయకుండా బ్యాటరీ తీయించండి.

తీసిన హార్డ్ డిస్కుని ఫార్మాట్ చేయకండి. మీ నాన్నగారు రాసుకున్నవి అందులో ఉండొచ్చు.