నెలకు 1500 రూపాయల్లో కొత్త ప్రోగ్ రాక్: ఏది కొనాలి, ఏది విని వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పింక్ ఫ్లాయిడ్, పాత డ్రీమ్ థియేటర్ బాగా విన్నారు. సంగీతం మీద నెలకు 1500 రూపాయలకు మించి పెట్టలేరు. ఈ రెండు మూడేళ్ళలో వచ్చిన ప్రోగ్రెసివ్ రాక్ (క్లుప్తంగా ప్రోగ్; పొడుగు పాటలతో, తాళాలు మారుస్తూ సాగే రాక్) ఆల్బమ్‌లలో ఏవి కొంటే డబ్బు దండగ కాదు? అన్నీ స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నప్పుడు అసలు కొనడం ఎందుకు?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అన్నీ కొనక్కర్లేదు. ఏది కొనాలో తేల్చుకోవడానికే స్ట్రీమింగ్ ఉంది అనుకోండి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్ళుగా ఇలాంటి బడ్జెట్‌తోనే నెట్టుకొస్తున్నాను. ఆల్బమ్ బాగుందా లేదా అన్నది ఈ సంగీతంలో పెద్ద ప్రశ్న కాదు. వాయించేవాళ్ళు దాదాపు అందరూ ఘనాపాఠీలే, రికార్డింగ్‌కు వంక పెట్టలేం. ఆరు నెలలు పోయాక కూడా మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినాలనిపిస్తుందా? అలాంటివి ఏడాదికి నాలుగో ఐదో ఉంటాయి. వాటికే డబ్బు పెట్టండి.

అది ముందే పసిగట్టడానికి నేను చేసేది ఒకటే. ఆల్బమ్‌లో అన్నిటికన్నా పొడుగు పాట ఏదో చూసి ముందు దాన్నే వింటాను. విడుదలకు ముందు యూట్యూబ్‌లో వదిలే పాట చాలాసార్లు ఆల్బమ్‌లో పొట్టిది, తేలిగ్గా పట్టుబడేది. దాన్ని బట్టి లెక్క వేస్తే తప్పుతుంది. బ్యాండ్ చెమటంతా ఆ ఇరవై నిమిషాల పాటలోనే పోసి ఉంటుంది. అందులోనూ మధ్య భాగం గమనించండి. మొదట్లో వినిపించిన వరస పదో నిమిషంలో వేరే తాళంలోనో వేరే వాద్యం మీదో మళ్ళీ వచ్చిందంటే ఎవరో కూర్చుని ఆలోచించి అల్లారని అర్థం. నాలుగు వేరు వేరు పాటలు కలిపి కుట్టేసినట్టు ఉంటే మొదటి వారం ఊపు తగ్గాక మళ్ళీ దాని జోలికి పోరు. ఇలా కొన్ని రోజుల ఎడంతో రెండు మూడుసార్లు వినండి. ఒకేరోజు మూడుసార్లు వింటే ఏదైనా నచ్చేస్తుంది.

బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2025 మార్చిలో తెచ్చిన 'ది ఓవర్‌వ్యూ'కి ఈ పరీక్ష పెట్టాల్సిన పనే లేదు. అందులో ఉన్నవే రెండు పాటలు, ఒకటి 23 నిమిషాలు, ఇంకోటి 18. అంతరిక్షం నుంచి భూమిని చూసిన వ్యోమగాములకు మనిషి ఎంత చిన్నవాడో ఒక్కసారిగా తట్టి లోపల ఏదో కదిలిపోతుందంటారు. ఆల్బమ్ మొత్తం ఆ అనుభవం చుట్టూ తిరుగుతుంది. మొదటి పాటలో ఒక భాగానికి ఎక్స్‌టీసీ బ్యాండ్ ఆండీ పార్ట్‌రిడ్జ్ సాహిత్యం రాశాడు. మామూలు వీధిలో కారు వాయిదాలు కట్టలేక ఏడుస్తున్న మనిషి ఒకడు, ఎక్కడో దూరపు గెలాక్సీలో ఆరిపోయిన సూర్యుడు ఇంకొకటి, రెండూ పక్కపక్కనే వచ్చేస్తాయి. ఈఎంఐ కట్టేవాడెవడికైనా అక్కడ చురుక్కుమంటుంది. రెండో పాట మొదట్లో విల్సన్ భార్య రోటెమ్ గొంతు గ్రహాల పేర్లు, నక్షత్రాల పేర్లు పరిమాణం ప్రకారం చదువుకుంటూ పోతుంది. మొదటిసారి నాకది విసుగనిపించింది. రెండోసారికి ఆ అంకెలు పెరుగుతున్న కొద్దీ వెనక సంగీతం ఎలా విచ్చుకుంటోందో వినపడింది. మీరు పింక్ ఫ్లాయిడ్ నుంచి వస్తున్నారు కాబట్టి కొనాల్సిన మొదటి ఆల్బమ్ ఇదే అంటాను.

తర్వాత స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్. 2024 నవంబర్‌లో వచ్చిన 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'. ఒక పెద్దాయన చనిపోయాక ఆయన వీలునామాను పిల్లల ముందు చదువుతారు, ఆస్తితో పాటు ఇంటి రహస్యాలూ బయటపడతాయి. మన ఇళ్ళలో పొలం పంపకాలు చూసినవాళ్ళకు కథ కొత్తగా ఏమీ ఉండదు! మొదటి ఏడు పాటలకు పేర్లు లేవు, పత్రాల్లో పేరాలకు వేసే గుర్తు, దాని పక్కన అంకె, అంతే. చివరి పాటకు మాత్రమే పేరు పెట్టారు. జెత్రో టల్ బ్యాండ్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఇందులో ఫ్లూట్ వాయించాడు, కొన్నిచోట్ల వీలునామా మాటలు చదివాడు కూడా. 2008 నాటి 'వాటర్‌షెడ్' తర్వాత ఓపెత్ గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఆల్బమ్‌లలో బొంగురు గొంతు గర్జనలు మానేశాడు. ఇన్నేళ్ళకు మళ్ళీ ఈ ఆల్బమ్‌లోనే వాడాడు. అవి మీకు పడతాయో లేదో ముందు చూసుకోండి, పడకపోతే ఎంత గొప్పదైనా కొనకండి.

ఓపెత్ విషయంలో ఇంకో మాట. నేను మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు మామూలుగా ఒక ఆల్బమ్ అయిపోతుంది. పాటల మొదటి పరిచయానికి అది చాలు. కానీ ఈ ఆల్బమ్‌లో గర్జన ఆగిన మరుక్షణం గుసగుస, దాని కింద సన్నగా ఫ్లూట్. 'తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి' అన్న ప్రకటన కింద ఆ ఫ్లూట్ పూర్తిగా మునిగిపోతుంది. ఇంట్లో రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాక గానీ అసలు సంగతి తెలియలేదు. ప్రయాణంలో విని ఇలాంటివాటి మీద తీర్పు ఇచ్చేయకండి.

డ్రీమ్ థియేటర్ అభిమాని కాబట్టి 'పారాసోమ్నియా' గురించి అడుగుతారని తెలుసు. 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 2009 తర్వాత మైక్ పోర్ట్‌నాయ్ డ్రమ్స్ వాయించిన వాళ్ళ మొదటి ఆల్బమ్. నిద్రలో వచ్చే జబ్బుల మీద అల్లిన 71 నిమిషాల పాటలు. పోర్ట్‌నాయ్ తిరిగి వచ్చిన ఆనందం ప్రతి పాటలో తెలుస్తుంది, కాదనను. కానీ చివర్లో ఉన్న దాదాపు ఇరవై నిమిషాల 'ది షాడో మ్యాన్ ఇన్సిడెంట్'లో మధ్య భాగం నాకు సాధన గదిలో కూర్చున్నట్టు అనిపిస్తుంది. వేళ్ళ వేగానికి దణ్ణం పెట్టి ఊరుకున్నాను. నేను కొనలేదు, స్ట్రీమింగ్‌లో అప్పుడప్పుడు వింటాను. ఇలాంటి పెద్ద బ్యాండ్ల సీడీలు ఎప్పటికీ దొరుకుతూనే ఉంటాయి, ఆత్రపడక్కర్లేదు.

జెనెసిస్ బ్యాండ్ పాత పాటలు మీకు నచ్చితే ఇంగ్లండ్ బ్యాండ్ బిగ్ బిగ్ ట్రెయిన్ వినండి. వాళ్ళ గాయకుడు డేవిడ్ లాంగ్‌డన్ 2021లో హఠాత్తుగా చనిపోయాడు. ఆ స్థానంలోకి ఇటలీ నుంచి అల్బెర్టో బ్రావిన్ వచ్చాడు. ఆయనతో చేసిన మొదటి స్టూడియో ఆల్బమ్ 'ది లైక్స్ ఆఫ్ అస్', 2024 మార్చి. అందులో 17 నిమిషాల 'బినీత్ ది మాస్ట్స్' పైన చెప్పిన పరీక్షలో నూటికి నూరు తెచ్చుకునే పాట. ట్రంపెట్ లాంటి బ్రాస్ వాద్యాలు మెల్లగా వచ్చి చేరే పద్ధతి చూడండి. గొడవ లేని సంగీతం, హెవీ మెటల్ రుచి మరిగినవాళ్ళకు చప్పగా ఉండొచ్చు. ఐక్యూ బ్యాండ్ 'డొమీనియన్' 2025 కూడా ఇదే దారి, 22 నిమిషాల పాటతో మొదలవుతుంది. రెంటిలో ఒకటి చాలు.

ఇక పైసా పెట్టకుండా దొరికేవి. ఆస్ట్రేలియా బ్యాండ్ కింగ్ గిజర్డ్ అండ్ ది లిజర్డ్ విజర్డ్ 2017లో 'పాలీగోండ్వానాలాండ్' అనే ఆల్బమ్‌ను ఉచితంగా వదిలేసింది. ఊరికే వినమనడం కాదు, మాస్టర్ ఫైళ్ళు ఇచ్చి ఎవరైనా సీడీలు, ఎల్పీలు (వినైల్ రికార్డులు) వేసుకోవచ్చంది. కొత్తది కాదు గానీ, మొదటి పాట 'క్రంబ్లింగ్ క్యాజిల్' పదిన్నర నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. ఇదే బ్యాండ్ 2025లో స్పాటిఫై నుంచి తప్పుకుంది. ఆ తర్వాత తమ ఆల్బమ్‌లను బ్యాండ్‌క్యాంప్‌లో (బ్యాండ్లు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్) మీకు తోచినంత ఇవ్వండి అని పెట్టింది. మీలాంటి బడ్జెట్‌కు ఇంతకన్నా ఏం కావాలి.

దగ్గరలో ఉన్న బెంగళూరును మర్చిపోకండి. ఆగమ్ బ్యాండ్ కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్ రాక్‌తో కలిపి వాయిస్తుంది. త్యాగరాజు నళినకాంతి రాగంలో కట్టిన 'మనవ్యాలకించరాదటే' వాళ్ళ చేతిలో ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య వినండి. మా అమ్మ సంగీతం నేర్చుకున్న మనిషి. మొదట మొహం చిట్లించి, చరణం దగ్గరికొచ్చేసరికి తొడ మీద తాళం వేసింది. 2025లో వాళ్ళ మూడో ఆల్బమ్ 'అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్' వచ్చింది. బేసి తాళాలు మనకు కొత్త కాదు కాబట్టి, ఏడు మాత్రల్లోనో అయిదు మాత్రల్లోనో నడిచే ప్రోగ్ పాటకు మన చెయ్యి దానంతటదే కదులుతుంది.

డబ్బు సంగతికి వస్తాను, తేడా అంతా ఇక్కడే. ఎల్పీ ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలకు మించితే శబ్దం పల్చబడుతుంది. అందుకే 70 నిమిషాల ఆల్బమ్ తప్పనిసరిగా రెండు ఎల్పీలు అవుతుంది, ధరా దాన్ని బట్టే ఎగబాకుతుంది. సీడీలో దాదాపు 80 నిమిషాలు పడుతుంది కాబట్టి ఆల్బమ్ ఎంత పొడుగైనా ధరలో పెద్ద తేడా ఉండదు. అంటే మన ఇష్టమైన ఈ పొడుగు సంగీతానికి ఎల్పీ అన్నిటికన్నా ఖరీదైన దారి. దిగుమతి ఎల్పీ మూడు వేలకు తక్కువ నాకు అరుదుగా కనిపిస్తుంది, రెండు ఎల్పీల సెట్ అయితే చెప్పనక్కర్లేదు. 180 గ్రాముల వినైల్ అని స్టిక్కర్ వేస్తారు చూడండి, అది బరువే, సౌండ్‌కు హామీ కాదు. మీ దగ్గర మంచి టర్న్‌టేబుల్ లేకపోతే ఎల్పీల ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు వెబ్‌సైట్ చూపించే ధర సగం కథే. పోస్టేజీ ఉంటుంది, ఇక్కడికొచ్చాక కస్టమ్స్ సుంకం, దానికి కొరియర్ వాళ్ళ సేవా రుసుము. బ్రిటన్‌లోని ఒక చిన్న షాపు నుంచి ఒక్క సీడీ తెప్పిస్తే ఈ పైఖర్చులే సీడీ ధరను మించిపోయాయి. అంతకన్నా మన తెలుగువాళ్ళకు తెలిసిన దారి ఒకటుంది, అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చే చుట్టాల సూట్‌కేసు. మా అక్క ఇక్కడి నుంచి ఆవకాయ తీసుకెళ్తుంది, అక్కడి నుంచి నా సీడీలు తెస్తుంది. కార్డ్‌బోర్డ్ కవర్‌లో వచ్చే సీడీ బరువే ఉండదు. ఎల్పీ మాత్రం అడగకండి, సూట్‌కేసులో వంగిపోతే వాళ్ళకీ మీకూ బాధ.

అన్నిటికన్నా తేలిక డిజిటల్. బ్యాండ్‌క్యాంప్‌లో చాలా ఆల్బమ్‌లు కొనే ముందు పూర్తిగా వినొచ్చు, కొన్నాక ఫ్లాక్ ఫైళ్ళు (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైళ్ళు) మీవే. ధర సాధారణంగా 7 నుంచి 10 డాలర్లు, అంటే సుమారు 600 నుంచి 900 రూపాయలు. మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి. విదేశీ మారకం రుసుము కొంత వేస్తారు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు పెడుతున్నారు. ఆ రోజు వెబ్‌సైట్ తన వాటా వదులుకుంటుంది, మన డబ్బులో ఎక్కువ భాగం బ్యాండ్‌కే పోతుంది. ధర మనకు తగ్గదు, కానీ ఎలాగూ కొనేదైతే ఆ రోజు దాకా ఆగడంలో నష్టమేమీ లేదు.

ప్రీ-ఆర్డర్ల టెన్షన్ పెట్టుకోకండి. లిమిటెడ్ ఎడిషన్ అంటే అదనపు డిస్క్‌లో చాలాసార్లు అవే పాటలు గొంతు లేకుండానో, సరౌండ్ మిక్స్‌లోనో (చుట్టూ పెట్టిన స్పీకర్ల కోసం కలిపింది) ఉంటాయి. ఇంట్లో అన్ని స్పీకర్లు ఉన్నవాళ్ళకు సరౌండ్ మిక్స్ నిజంగా బాగుంటుంది, మిగతావాళ్ళకు అల్మారాలో పెట్టుకోవడానికే.

మీ స్థానంలో నేనుంటే మొదటి నెల 'ది ఓవర్‌వ్యూ' సీడీ కోసం చూస్తాను. ఎవరైనా తెచ్చిచ్చేవాళ్ళుంటే మిగిలిన డబ్బు రెండో నెలకు కలుపుతాను. రెండో నెల గర్జనలు పడితే ఓపెత్, పడకపోతే బిగ్ బిగ్ ట్రెయిన్. మూడో నెల ఏమీ కొనను, కింగ్ గిజర్డ్ ఉచిత ఆల్బమ్ దింపుకుని, ఆగమ్ పాటలు వింటూ ముందు కొన్న రెండింటినీ మళ్ళీ వింటాను. ఈలోపు మీ దగ్గర హెడ్‌ఫోన్ ఏముందో, గర్జనలు పడతాయో లేదో కింద రాయండి. దాన్ని బట్టి ఇంకో రెండు మూడు పేర్లు చెప్తాను.