పన్ను ఇంప్లాంట్ ముందు వేసే ఆవు ఎముక పొడి సురక్షితమేనా?

మీ అమ్మగారికి ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే పన్ను స్క్రూ) ముందు ఎముక పొడి వేయాలన్నారు, అది ఆవు ఎముకట, రోగాలేమైనా అంటుకుంటాయా అని అడిగారు. మూడేళ్ల క్రితం కింది దవడ పన్ను తీయించుకున్నప్పుడు నాకూ ఇదే టెన్షన్. నేను డాక్టర్ని కాను. ఆ పొడి వేయించుకున్నవాణ్ని, అంతకు ముందు కనిపించిన ప్రతి డాక్టర్నీ ప్రశ్నలతో విసిగించినవాణ్ని.

ఎముక బరువులో సుమారు మూడింట రెండొంతులు ఖనిజమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. మన భయమంతా ఆ ప్రోటీన్, కొవ్వు, కణాల గురించే, ఖనిజం గురించి కాదు. చితి చల్లారాక ఏరే అస్థికలు చూసే ఉంటారు. తెల్లగా, తేలిగ్గా, వేళ్ల మధ్య నలిగిపోయేలా ఉంటాయి. మిగతాదంతా కాలిపోయి ఖనిజం మిగిలిన ఎముక అది. ఆవు ఎముక పొడిని శుద్ధి చేసేదీ ఈ సూత్రం మీదే.

ఎంత కాల్చాలన్న దగ్గరే తేడా. సెరాబోన్ అనే రకాన్ని 1200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఇక ఏ ప్రోటీనూ మిగలదు, కానీ స్ఫటికాలు పెద్దవై, ఆ గింజలు ఒంట్లో కరగడానికి చాలా కాలం పడుతుంది. మరో రకం బయో-ఆస్‌ను సుమారు 300 డిగ్రీల దగ్గరే ఉంచి, సోడియం హైడ్రాక్సైడ్‌తో కూడా శుద్ధి చేస్తారు. అలా చేస్తే ఎముకలోని సన్నటి రంధ్రాలు నిలుస్తాయి, కొత్త ఎముక వాటిని పట్టుకునే పెరుగుతుంది. మ్యాడ్ కౌ జబ్బుకు కారణమైన ప్రయాన్లు అనే వికృత ప్రోటీన్లు, ఆవిరితో క్రిములను చంపే మామూలు ఆటోక్లేవ్‌కు లొంగవు కాబట్టి ఆ సోడియం హైడ్రాక్సైడ్ క్షారం చాలా ముఖ్యం.

మనుషులు దానం చేసిన ఎముకది మరో దారి. చికెన్ ఎముకను నాలుగు రోజులు వెనిగర్‌లో వేసి చూడండి, రబ్బరులా వంగుతుంది. ఆమ్లం ఖనిజాన్ని లాగేసి ప్రోటీన్‌ను వదిలేస్తుంది. దాత ఎముకలో ఒక రకాన్ని ఇలాగే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తయారు చేస్తారు. అందులో పనికొచ్చేదే ప్రోటీన్, కాబట్టి కాల్చడం కుదరదు. దాత రక్త పరీక్షలు, కడగడం, చివర్లో సాధారణంగా 25 కిలోగ్రేల (కిరణాల మోతాదు కొలత) గామా కిరణాలు, వీటిమీదే ఆధారం. 2021లో అమెరికాలో బతికున్న కణాలతో అమ్మిన ఒక దాత ఎముక వల్ల వందమందికి పైగా రోగులు టీబీ ముప్పులో పడ్డారు. కణాలు బతికుండాలంటే కిరణాలు పెట్టలేరు మరి. నాకైతే కడిగి ఆరబెట్టిన ఎముకే నయమనిపిస్తుంది.

నిజానికి నన్ను భయపెట్టింది ఆవు కాదు, సీసా. మొదట వెళ్లిన క్లినిక్‌లో అప్పటికే సగం వాడేసిన సీసా తీశారు. ‘మూత గట్టిగానే పెట్టాం సార్, ఏం కాదు’ అన్నారు. ఫ్యాక్టరీలో అంత కష్టపడి చేసిన శుద్ధి మూత తీసిన క్షణంతో సరి. ఆ సీసా ఒక్క రోగికే. కుర్చీలోంచి లేచి వచ్చేశాను. రెండోచోట నా కళ్లముందే సీల్ తీసి, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) ఉన్న స్టిక్కర్ నా కార్డు మీద అంటించారు. మీరూ అది అడిగి తీసుకోండి.

అమ్మగారికి ఆవు విషయంలో పట్టింపు ఉంటే ముందే చెప్పండి, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి కృత్రిమ పొడులున్నాయి. పొడి పైన కప్పే పొర చాలాసార్లు పంది కొల్లాజెన్‌తో చేసిందై ఉంటుంది. దాని గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

నాకు ఐదు నెలల తర్వాత స్క్రూ వేశారు, గట్టిగానే ఉంది. అయితే మొదటి వారంలో రెండు మూడు గింజలు ఊడి నోట్లో ఇసుకలా తగిలాయి. అంతా పోయిందనుకుని రాత్రి పదకొండింటికి డాక్టరుకు ఫోన్ చేశాను. కొన్ని గింజలు అలా రాలడం మామూలేనట. ఆ ముక్క అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.