మసక తెరకు మొదటి పరీక్ష: ఒక స్క్రీన్‌షాట్

ప్రశ్న: మాది తెనాలి. ప్రచురణకర్తలకు ఇంటి దగ్గర నుంచే ప్రూఫులు దిద్దిపెడతాను. మా అబ్బాయి పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డుకు ఎన్‌విడియా డ్రైవర్ కూడా పెట్టి ఇచ్చి వెళ్లాడు. ఇంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య అప్‌డేట్‌లు వేసి, ఆపి మళ్లీ ఆన్ చేస్తే తెరంతా మసకబారింది. అక్షరాలు అడ్డంగా లావెక్కాయి. 'ద' ఏదో 'ధ' ఏదో తెలియడం లేదు, ఒత్తులన్నీ ముద్దగా కనిపిస్తున్నాయి. సాయంత్రానికి కళ్లు లాగేస్తున్నాయి. ఇక్కడి దుకాణంలో అడిగితే మానిటర్ పాతబడింది, మార్చేయమన్నారు. నిజంగా మానిటరే పోయిందంటారా?

జవాబు: మానిటర్ కొనకండి అమ్మా. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. పాతబడిన మానిటర్‌లో వెలుతురు తగ్గుతుంది, తెలుపు పసుపుగా మారుతుంది, కొన్నిసార్లు నిలువు గీతలు పడతాయి. అంతేగాని అది అక్షరాన్ని అడ్డంగా సాగదీయదు. పైగా మీ సమస్య అప్‌డేట్ తర్వాతే మొదలైంది. ఈ రెండు విషయాలూ గ్రాఫిక్స్ డ్రైవర్ వైపే, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్ వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా ఊహతో ఆగకుండా పరీక్షించి తేల్చుకుందాం.

కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని మీ ఫోనుకు పంపి చూడండి. తెర మసకబారిందని ఎవరు చెప్పినా నేను మొట్టమొదట చేయించే పని ఇదే. స్క్రీన్‌షాట్ కంప్యూటర్ లోపల తయారవుతుంది. కేబుల్‌కూ మానిటర్‌కూ దానితో సంబంధం లేదు. ఫోనులో కూడా అక్షరాలు చెదిరి కనిపిస్తే లోపం ఫాంట్లలోనో, అక్షరాలను పెద్దవి చేసి చూపే స్కేలింగ్‌లోనో ఉంది. ఫోనులో శుభ్రంగా ఉండి తెర మీద మాత్రమే మసకగా ఉంటే లోపం ఆ తర్వాతి దారిలో, అంటే చిత్రం కార్డు నుంచి కేబుల్ మీదుగా మానిటర్‌కు వెళ్లే దారిలో ఉంది. ఇంతటితో ఆపకుండా ఆ బొమ్మ కొలతలు కూడా చూడాలి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఇమేజ్ అనే చోట వెడల్పు, ఎత్తు ఉంటాయి. మీ దగ్గర అక్కడ 1024, 768 అని ఉంటుందని నా అంచనా.

మీ మానిటర్ సహజ కొలత, అంటే తెరలో అడ్డంగా, నిలువుగా ఉన్న చుక్కల లెక్క, బహుశా 1920×1080 అయి ఉంటుంది. మానిటర్‌తో వచ్చిన పుస్తకంలో చూసి ఖాయం చేసుకోండి. మా ఊరి గ్రంథాలయంలోని కంప్యూటర్లను నేనే చూసుకుంటాను. ప్రతి మానిటర్ వెనుకా దాని సహజ కొలతను చిన్న కాగితం మీద రాసి అంటించి పెట్టాను. తెర తేడాగా కనిపించిన రోజున ఆ కాగితం ఎంతో సమయం మిగులుస్తుంది.

ఎల్‌సీడీ తెరలో చుక్కల సంఖ్య కర్మాగారంలోనే ఖరారవుతుంది. 1920×1080 తెరలో 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు ఉంటాయి. కార్డు 1024×768 చిత్రం పంపితే అందులో ఉండేవి 7 లక్షల 86 వేలే. మిగతా చుక్కలను పక్క చుక్కల రంగులు కలిపి మానిటరే కల్పించుకోవాలి. అక్షరం అంచుల్లోని మసక అక్కడ పుడుతుంది. అడ్డంగా 1.875 రెట్లు, నిలువుగా 1.4 రెట్లు సాగుతుంది కాబట్టి ప్రతి అక్షరం తన ఎత్తుకు ఉండాల్సిన దానికంటే మూడో వంతు లావుగా కనిపిస్తుంది. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే. 'ధ' కింది చిన్న గీత, 'స్త'కు 'స్థ'కు తేడా చూపే ఒత్తులోని మలుపు ఒకటి రెండు చుక్కల పని. ఇంగ్లిష్ చదివేవారు ఇలాంటి తెరతో ఎలాగో నెట్టుకురావచ్చు. తెలుగు ప్రూఫులు చూసేవారికి అది కుదరదు. మీరు 'వ్యాది' అని ఉన్నచోట 'వ్యాధి' ఉందనుకుని వదిలేస్తే ఆ తప్పు అచ్చయి పాఠకుడి చేతికి వెళ్తుంది.

ఇక కార్డు చిన్న చిత్రం ఎందుకు పంపుతోందో చెబుతాను. జీటీ 710 కార్డు కెప్లర్ తరానిది. ఆ తరం 2012లో వచ్చింది. దానికి పనిచేసే చివరి ఎన్‌విడియా డ్రైవర్ వరుస 470. దానికి తయారీదారు మద్దతు 2024తో ముగిసింది. ఈ డ్రైవర్ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో భాగం కాదు. కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే ఏర్పాటు దీన్ని కొత్త కెర్నెల్‌కు తగినట్లు మీ కంప్యూటర్‌లోనే మళ్లీ తయారు చేయాలి. డ్రైవర్ పాతదై కెర్నెల్ కొత్తదైతే ఆ తయారీ మధ్యలో విఫలం కావచ్చు. అలాంటప్పుడు కెర్నెల్‌లోనే ఉన్న నూవో డ్రైవర్ ఆదుకోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ రెండూ ఒకే కార్డు కోసం పోటీ పడకుండా ఎన్‌విడియా ప్యాకేజీ నూవోను ముందే నిషేధించి ఉంచుతుంది. అటు ఎన్‌విడియా డ్రైవర్ లేక, ఇటు నూవో లేక, కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఫర్మ్‌వేర్ అనే తొలి ప్రోగ్రామ్ ఏర్పరచిన ప్రాథమిక తెరతోనే లినక్స్ సరిపెట్టుకుంటుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 1024×768 ఒక్కటే కనిపించడానికి, దాన్ని మార్చబోతే వేరే కొలతలేవీ దొరకకపోవడానికి కారణం అదే.

దీన్ని కళ్లతో చూడాలంటే మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని గ్రాఫిక్స్ భాగం చదవండి. డ్రైవర్ అనే మాట పక్కన ఎన్‌విడియా గాని నూవో గాని లేకపోయినా, రెండరర్ పక్కన ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని ఉన్నా, కార్డు ఖాళీగా కూర్చుంది, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది అని అర్థం.

మార్పులు చేసే ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్, అంటే ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ నకలు, తీసుకోండి. మింట్‌లో అది ముందే ఉంటుంది. తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, ఆన్ అవుతుండగా షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోండి. యూఈఎఫ్ఐ అనే కొత్త రకం ఫర్మ్‌వేర్ ఉన్న కంప్యూటర్ అయితే ఎస్కేప్ మీట నొక్కాలి. ఏ కెర్నెల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పైనున్న కొత్త కెర్నెల్‌ను వదిలి దాని కిందనున్న పాత సంఖ్య ఎంచుకోండి. రికవరీ అని రాసి ఉన్న వరుసలు మనకు వద్దు. తెర మామూలుగా వస్తే రోగం ఏమిటో తేలిపోయినట్లే. ఆ రోజు పని ఆగకుండా గడిచిపోతుంది కూడా.

శాశ్వత పరిష్కారానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత కెర్నెల్‌తోనే ఉండిపోవడం. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ కింద లినక్స్ కెర్నెల్స్ అనే చోట కొత్తదాన్ని తీసేయవచ్చు. ఇది నాకు నచ్చని దారి. భద్రతా సవరణలు వచ్చేది కొత్త కెర్నెళ్లలోనే. పాతదాన్ని పట్టుకుని వేలాడితే ఏదో ఒకనాడు ఇదే సమస్య మళ్లీ ఎదురవుతుంది. రెండో దారి ఎన్‌విడియా డ్రైవర్‌ను వదిలి నూవోకు మారడం. డ్రైవర్ మేనేజర్ తెరిచి నూవో పేరున్న ఓపెన్ సోర్స్ వరుసను ఎంచుకుని, మార్పు పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే చాలు. నూవోను స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు కార్డుల నడవడికను గమనించి, తయారీదారు రహస్య పత్రాలేవీ లేకుండానే రాసుకొచ్చారు. అది 2010 నుంచి కెర్నెల్‌లోనే ఉంది కాబట్టి కెర్నెల్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది, విడిగా తయారు చేయాల్సిన పని లేదు. దానితో కార్డు పూర్తి వేగం అందుకోదు. ఆటలు ఆడేవారికి, వీడియోలు ఎడిట్ చేసేవారికి నేను దీన్ని సూచించను. పీడీఎఫ్‌లు, లిబ్రాఫీస్, బ్రౌజర్ వాడుకునే మీకు మాత్రం నిస్సంకోచంగా సూచిస్తాను. మీ దగ్గరి కార్డు ఇంకా ఏళ్ల తరబడి అక్షరాలు చూపించగలదు. అలాంటి వస్తువును చెత్తలో వేయించే సలహాలు వింటే నాకు బాధగా ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొందరు మింట్‌ను కంపాటిబిలిటీ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పుడు నోమోడ్‌సెట్ అనే మాట గ్రబ్‌లో మిగిలిపోవచ్చు. ఆ మాట ఉన్నంతకాలం నూవో పనిచేయదు, మీ తెర 1024 దగ్గరే ఉండిపోతుంది. నూవోకు మారాక కూడా ఏమీ మారకపోతే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ 'ఇ' మీట నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుసలో నోమోడ్‌సెట్ ఉంటే చెరిపి, ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. తెర బాగుపడితే గ్రబ్ సెట్టింగుల ఫైలులోంచి కూడా ఆ మాట తీయించి, గ్రబ్‌ను అప్‌డేట్ చేయమని మీ అబ్బాయికి ఫోనులో చెప్పండి.

స్క్రీన్‌షాట్ కొలత 1920×1080 అనే వచ్చి, ఫోనులోనూ శుభ్రంగా ఉంటే నా అంచనా తప్పి, లోపం కేబుల్‌లో ఉన్నట్లు. నీలి రంగు మూతి ఉన్న వీజీఏ కేబుల్ వాడుతుంటే మానిటర్ మీది ఆటో మీట ఒకసారి నొక్కి చూడండి. వీలైతే హెచ్‌డీఎంఐ కేబుల్‌కు మారండి. వీజీఏలో చిత్రం అనలాగ్ సంకేతంగా వెళ్తుంది, చుక్క ఎక్కడ మొదలవుతుందో మానిటరే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క కాస్త జరిగినా అక్షరాల పక్కన నీడ పడుతుంది. స్క్రీన్‌షాట్ చిన్నగా వచ్చి, డ్రైవర్ సరిగానే ఉన్నప్పుడు కూడా కేబుల్‌ను అనుమానించవచ్చు. వీజీఏ మూతిలోని 15 పిన్నుల్లో 12, 15 సంఖ్యల పిన్నులు మానిటర్ తన కొలతను కార్డుకు చెప్పుకునే దారి. చవక కేబుళ్లలో ఆ తీగలు లేకపోయినా, పిన్ను వంగినా, డ్రైవర్ ఎంత మంచిదైనా కొలత తెలియక చిన్న చిత్రమే పంపుతుంది.

తెర బాగుపడ్డాక ఫాంట్ల ప్యాకేజీ ఒకటి వేసుకోండి. డెబియన్, ఉబుంటు, మింట్ అన్నింటిలోనూ ఫాంట్స్ టెలు పేరుతో దొరుకుతుంది. అందులో పోతన, వేమన ఫాంట్లు ఉంటాయి. ఫాంట్ సెట్టింగుల్లో హింటింగ్‌ను, అంటే అక్షరాల గీతలను తెర చుక్కలకు సరిపెట్టే ఏర్పాటును, స్లైట్ దగ్గర ఉంచండి. అది ఎక్కువైతే తెలుగు అక్షరాల గుండ్రదనం పోతుంది.

ప్రశ్న: వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాను. 14 అంగుళాల తెర, ఇంటెల్ గ్రాఫిక్స్. అక్షరాలు చిన్నగా ఉన్నాయని స్కేలింగ్ 125 శాతం పెట్టాను. ఫైల్స్, సెట్టింగ్స్ బాగానే ఉన్నాయి కానీ కొన్ని అప్లికేషన్లు మాత్రం మసకగా ఉన్నాయి. ఇంటెల్ డ్రైవర్ ఎక్కడ దించుకోవాలి?

జవాబు: ఎక్కడా దించుకోనక్కర లేదు. ఇంటెల్ డ్రైవర్ కెర్నెల్‌లో, మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలో ఇప్పటికే ఉంది. కొన్ని అప్లికేషన్లు చక్కగా కనిపిస్తున్నాయంటే డ్రైవర్ తన పని చేస్తున్నట్లే. ఎక్కడెక్కడి ఫైళ్లో తెచ్చి ఇన్‌స్టాల్ చేస్తే బాగున్నది చెడుతుంది.

మీ ఉబుంటు వేలాండ్ అనే కొత్త పద్ధతిలో విండోలను తెర మీద చూపిస్తోంది. పాత ఎక్స్11 పద్ధతిలో రాసిన అప్లికేషన్లు ఎక్స్‌వేలాండ్ అనే మధ్యవర్తి ద్వారా తెర మీదికి వస్తాయి. వాటికి 125 శాతం సంగతి తెలియదు. అవి 100 శాతంలో గీసిన చిత్రాన్ని డెస్క్‌టాప్ సాగదీస్తుంది. ఏది ఆ బాపతో తెలుసుకోవడానికి ఎక్స్ ఐస్ అనే బుల్లి ప్రోగ్రామ్ ఉంది. అందులో రెండు కళ్లు మౌస్ బాణాన్ని చూస్తూ తిరుగుతాయి. బాణాన్ని అనుమానం ఉన్న విండో మీదికి తీసుకెళ్లండి. కళ్లు వెంట తిరిగితే అది ఎక్స్‌వేలాండ్ మీద నడుస్తోంది, ఆగిపోతే వేలాండ్ మీద నడుస్తోంది.

స్కేలింగ్‌ను మళ్లీ 100 శాతానికి తెచ్చి, గ్నోమ్ ట్వీక్స్ అనే అప్లికేషన్‌లోని ఫాంట్ల విభాగంలో స్కేలింగ్ ఫ్యాక్టర్ 1.25 చేయండి. అప్పుడు సాగదీయడం ఉండదు, అప్లికేషనే అక్షరాన్ని మొదటి నుంచీ పెద్దదిగా గీస్తుంది. బటన్లు, ఐకాన్లు మాత్రం అంతగా పెరగవు. 14 అంగుళాల తెర మీద రోజంతా కోడ్ చదివేవారికి అక్షరం ముఖ్యం గనుక నేనైతే ఇదే ఎంచుకుంటాను.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఉపాధ్యాయుణ్ణి. మా తరగతి గదిలో లినక్స్ మినీ పీసీని పెద్ద 4కె టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపాం. నల్ల అక్షరాలు ఫరవాలేదు. నీలం మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోతున్నాయి. తెర అంచులు కూడా తెగిపోతున్నాయి. వెనుక బెంచీల పిల్లలు చదవలేకపోతున్నారు.

జవాబు: ఇక్కడ డ్రైవర్‌ను కదపకండి. టీవీ మీ కంప్యూటర్‌ను సినిమా పెట్టె అనుకుంటోంది. అందుకే అంచులు కత్తిరించి మిగతాది పెద్దది చేస్తోంది, రంగుల వివరాన్ని కూడా తగ్గిస్తోంది. వెలుగునీడలను ప్రతి చుక్కకూ ఉంచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటిగా పంచే పద్ధతి వీడియోల్లో మామూలే. నలుపు తెలుపు అక్షరాలకు దానివల్ల నష్టం లేదు, ఎరుపు నీలాలకే దెబ్బ.

టీవీ మెనూలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ రకాన్ని లేదా పేరును పీసీ అని మార్చండి. పిక్చర్ సైజ్ దగ్గర జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేరున్నది ఎంచుకోండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అది ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లని అంచు వస్తుంది.

మీ మినీ పీసీలో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు అయితే 4కె చిత్రాన్ని పూర్తి రంగులతో సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 కావాలంటే రంగు తగ్గించక తప్పదు. కాబట్టి డిస్‌ప్లే సెట్టింగుల్లో 1920×1080 పెట్టేయండి. 4కె తెర దానికి అటూ ఇటూ సరిగ్గా రెట్టింపు. ఒక చుక్క నాలుగు చుక్కలుగా మారుతుంది కాబట్టి, పైన తెనాలి పాఠకురాలి తెరలో వచ్చినంత మసక ఇక్కడ రాదు. పాఠాలకు నీలం మీద ఎరుపు మాని, తెలుపు మీద నలుపు గాని ముదురు నీలం గాని వాడండి. అక్షరాల సైజు ఎంత ఉండాలో మాత్రం చివరి బెంచీలో కూర్చుని మీరే చదివి నిర్ణయించండి.