సెనోటేలో దిగబోయే చిట్టికి

చిట్టీ,

మెక్సికోలోని కాంకూన్ వెళ్తున్నామనీ, ఒక రోజు సెనోటేల్లో ఈతకి పెట్టుకున్నామనీ నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. నేనూ మీ పెద్దమ్మా మూడుసార్లు వెళ్లొచ్చాం. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఆ నీళ్ల సంగతి. కాంకూన్ ఉన్న యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో పైన పారే నది ఒక్కటీ కనపడదు. నేలంతా మన బేతంచెర్ల నాపరాయి లాంటి సున్నపురాయి. పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోయి లోపలి రాయిని కరిగించుకుంటూ పోయింది. గుహ కప్పు కూలిన చోటల్లా నీళ్లు బయటపడ్డాయి. అదే సెనోటే. బెలుం గుహల్లో పాతాళగంగ చూశావు కదా, ఇదీ ఆ తీరుదే, కాకపోతే ఇక్కడ దిగి ఈదొచ్చు. అక్కడి పాతకాలపు మాయా జాతి వాళ్ల ఊళ్లు ఈ నీళ్లను నమ్ముకునే వెలిశాయి. వాళ్ల పాత నగరం చిచెన్ ఇట్జా పేరుకే 'ఇట్జాల బావి నోరు' అని అర్థం. అక్కడి పెద్ద బావిలో వానదేవుడు చాక్‌కి కానుకలు వేసేవారు. దాన్ని గట్టు మీద నుంచి చూడటమే, దిగనివ్వరు.

ఈ రోజుకీ ఆ నేల తాగేది కింద ఉన్న ఆ నీళ్లే. అందుకే దిగే ముందు స్నానం చేసి రమ్మంటారు. సన్‌స్క్రీన్, దోమల మందు పొద్దున హోటల్లోనే పూసుకుని బయల్దేరొద్దు. నలుగురి ఒంటి మీది మందులు చేరితే ఆ నీళ్లు ఏమవుతాయో ఆలోచించు. పొడుగు చేతుల ఈత చొక్కాలు కొనుక్కోండి, అవి చాలు.

ఆరింటికల్లా కారు కదలాలి. కాంకూన్ కంటే యుకటాన్ రాష్ట్రం గడియారం ఒక గంట వెనక. రెండు గంటలు నడిపి, ఆ రాష్ట్రంలోని వాయదోలిద్ అనే ఊరు చేరేసరికి అక్కడ ఏడే అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది, రాత్రి భోజనం లెక్క చూసుకోండి. అంత పొద్దున ఎందుకంటే, టూరు బస్సులు దిగాక ఆ నిశ్శబ్దం దొరకదు. రోజుకి రెండు సెనోటేలు చాలు. ఐదారు చుట్టేసేవాళ్లకి ఫొటోలు తప్ప ఏమీ మిగలదు. అక్కడి డబ్బు పెసోలు, నోట్లుగా దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు అసలు మాట. ఇక్ కిల్ అనే సెనోటేలో నీటి మట్టమే నేలకి 26 మీటర్ల కింద ఉంటుంది, ఆ నీళ్ల లోతు 40 మీటర్ల పైన. చాలా వాటిలో నిచ్చెన వదిలితే కాలికి నేల తగలదు. మీ పెద్దమ్మ చిన్నప్పుడు బెండ్లు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చిన మనిషి. మొదటిసారి లైఫ్ జాకెట్ నాకెందుకంది, నేనూ సరేనన్నాను. ఆ తప్పు నాది. పది బారలు వేసిందో లేదో, చల్లదనానికి ఊపిరి పట్టేసింది. కాలు ఆనించబోతే ఏమీ లేదు. అది మంచినీరు, సముద్రంలా మనిషిని తేల్చదు. అడ్డంగా కట్టిన తాడు చేతికి అందింది కాబట్టి సరిపోయింది. గట్టెక్కాక కూడా అరగంట దాకా ఆమె చేతులు నా చేతుల్లో వణుకుతూనే ఉన్నాయి.

అల్లుడు ఎంత ఈతగాడైనా సరే, ముగ్గురూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. మెల్లగా దిగి, తాడు పట్టుకుని, ఊపిరి కుదురుకున్నాక వదలండి. ఈత కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే పక్కన చీకటి సొరంగాలు కనిపిస్తాయి, రమ్మని పిలిచినట్టే ఉంటాయి. అటు పోవద్దు. తులుమ్ అనే ఊరి దగ్గర, నీళ్లు నిండిన రెండు గుహల వరసలు లోపల కలిసే ఉన్నాయని 2018లో తేలింది, అప్పటి కొలతలో మొత్తం 347 కిలోమీటర్లు. అవి గుహల్లో ఈదడం ప్రత్యేకంగా నేర్చినవాళ్లు వెళ్లే చోట్లు.

నన్నడిగితే వాయదోలిద్ పక్కన జిట్నుప్ ఊరి దగ్గరి సముల అనే సెనోటే చూడండి. తల వంచుకుని మెట్లు దిగాలి. లోపల కప్పులో ఒక కన్నం, అందులోంచి చెట్టు వేళ్లు నీటి దాకా వేలాడుతుంటాయి. ఒక్కో చుక్కా జారి పడుతుంటే ఆ చప్పుడు గుహంతా వినిపిస్తుంది. ఎండ కన్నంలోంచి దిగినప్పుడు నీళ్లు అడుగు నుంచి వెలిగినట్టు నీలంగా మారతాయి. వెల్లకిలా తేలుతూ కాసేపు ఏమీ మాట్లాడకండి. కొన్ని సెనోటేల గోడ కంతల్లో 'తో' అనే పిట్ట గూడు పెడుతుంది. తోక చివర రెండు నీలి ఈకలు ఉంటాయి. బుజ్జిగాడికి చూపించు.

మధ్యాహ్నం వాయదోలిద్‌లో నిమ్మ వేసిన కోడి సూపు, సోపా దే లిమా, తాగండి. పక్కన పెట్టే హబనేరో మిరప పచ్చడి మన గుంటూరు మిరప కంటే ఘాటు, వాడికి దూరంగా ఉంచు.

పిల్లల సైజు జాకెట్లు అక్కడ అన్ని చోట్లా దొరకవు. మా మనవడిది ఒకటి ఉంది, బక్కిల్స్ అన్నీ నేనే లాగి చూశాను. శనివారం మీ పెద్దమ్మ తెస్తుంది. వాడికి తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడు. గడ్డం దాకా జారితే వదులన్నట్టే, పట్టీలు ఇంకొంచెం బిగించు.

పెదనాన్న