ఇన్‌కాగ్నిటో మీకు కాదు, మీ గిరాకీకి

ప్రశ్న: దేవరకొండలో జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఏది వెతికినా ఫోన్‌లో దాని యాడ్సే వస్తున్నాయి. ఇన్‌కాగ్నిటోలో వెతికినా అంతే. కంప్యూటర్‌కి, ఫోన్‌కి ప్రైవసీ ఉండే బ్రౌజర్ ఒకటి చెప్పండి.

జవాబు: నల్గొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని అందులో యాడ్లను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసుకోండి. ఆండ్రాయిడ్‌లోనూ ఈ జోడీ పనిచేస్తుంది. క్రోమ్ ఇప్పుడు ఆ యూబ్లాక్‌ను పనిచేయనివ్వడం లేదు. సెట్టింగుల జోలికి వెళ్లే ఓపిక లేకపోతే బ్రేవ్ వాడండి, కాకపోతే ముందు దాని క్రిప్టో రివార్డుల గోల ఆఫ్ చేయండి. మనమెవరో తెలియకుండా దాచే టోర్ బ్రౌజర్ మీకు వద్దు, అది నెమ్మది. పేజీ తెరుచుకునేలోపు గిరాకీ పక్క షాపుకి పోతుంది.

ఇన్‌కాగ్నిటో మీ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. మీరు వెళ్లిన సైటుకీ, నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకీ మీరు కనిపిస్తూనే ఉంటారు. దీని మీదే అమెరికాలో కేసు నడిచి, 2024లో వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

సరే, మీ ప్రైవసీ సంగతి అయింది. మీ షాపుకొచ్చేవాళ్ల సంగతేంటి?

మీలాంటి సెంటర్లలో నేను చూసిన కంప్యూటర్లలో పీడీఎఫ్ కన్వర్టర్, ఫొటో సైజు తగ్గించేది, స్క్రీన్‌షాట్ తీసేది అంటూ అరడజను ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి. వేసేటప్పుడు 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని బ్రౌజర్ చెప్పే ఉంటుంది. మీరు ఓకే కొట్టేసి ఉంటారు. అంటే పహాణీ కోసం వచ్చిన రైతు ఆధార్ నంబరు, ఎప్‌సెట్ ఫీజు కట్టే పిల్ల కార్డు వివరాలు టైపు చేస్తుంటే ఆ ఎక్స్‌టెన్షన్ చూడగలదు. ఈరోజు మంచిదే కావచ్చు, రేపు దాన్ని తయారుచేసినవాళ్లు ఇంకొకరికి అమ్మేస్తే? ట్యాబ్‌లను నిద్రపుచ్చే 'గ్రేట్ సస్పెండర్' అనే ఎక్స్‌టెన్షన్‌ను లక్షల మంది వాడేవాళ్లు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఉందని గూగులే ఆపేసింది. మధ్యలో అప్‌డేట్లు ఎవరినీ అడగకుండానే వచ్చి కూర్చున్నాయి. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. యూబ్లాక్ కూడా అదే అనుమతి అడుగుతుంది, కాబట్టి నమ్మేది ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఈరోజే తీసేయండి.

ఇన్‌కాగ్నిటో నిజంగా పనికొచ్చేది మీ కౌంటర్ దగ్గరే. ఒక్కో మనిషికి కొత్త ఇన్‌కాగ్నిటో (ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవేట్) విండో తెరవండి, పని కాగానే మూసేయండి. ఎవరి లాగిన్ అక్కడ మిగలదు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం మనం తీసేస్తే తప్ప పోవు. సాయంత్రం షట్టర్ దించేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగే ఆప్షన్ పూర్తిగా ఆఫ్.

ఇక ఫోన్. తక్కువ ధర ఫోన్లలో కంపెనీయే ఒక బ్రౌజర్ పెట్టి పంపుతుంది. తెరవగానే జాతకాలు, లోన్ యాడ్లు, 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది' అనే నోటిఫికేషన్లు. దాన్ని తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటనే ఉండదు! పదివేలు పోసి కొన్న ఫోన్‌లో మనకు ఆ మాత్రం హక్కు కూడా లేదు. డిజేబుల్ అయినా చేసి, డీఫాల్ట్ బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్‌ను పెట్టండి. అందులో నోటిఫికేషన్ పంపుతామని ఏ సైటు అడిగినా బ్లాక్ నొక్కండి, అది వార్తల సైటైనా సరే.